వెబ్‌సైటు లెక్కలు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామ పంచాయతీల ఆదాయ వ్యయములు, గ్రామసభల తీర్మానములు, పనుల ప్రగతి నేడు కాగితముపైననే గాక కంప్యూటరు తెరపైన కూడ ప్రకటింపబడుచున్నవి. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవమునాడు, కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామ స్వరాజ్ అను పోర్టలును ప్రారంభించినది. అది గాక కొన్ని పంచాయతీలు స్వంత వెబ్‌సైటులను కూడ పెట్టుకొనినవి. అట్టి సైటును తయారుచేసి నడుపు పనిని సాధారణముగా ఒక కాంట్రాక్టరుకు అప్పగించి, ఏటేట కొంత సొమ్ము చెల్లింతురు. ఒప్పందమును పొడిగింపవలసిన సమయము రాగానే అతడు ఒక నివేదికను సభ్యుల ముందుంచును. అందు పెద్ద అక్షరములతో "ఈ నెల హిట్లు: 90,000" అని ఉండును.

ఊరి జనాభా నాలుగు వేలు. తొంబది వేల అంకెను చూచి సభ్యులు సంతోషింతురు. ఒకరిద్దరు మరి కొంచెము ముందుకు పోయి, "ఇంతమంది చూచుచున్నప్పుడు ఇంక దండోరా దేనికి? గ్రామసభ నోటీసును సైటులో పెట్టిన చాలదా?" అని ప్రశ్నింతురు. సొమ్ము వ్యర్థమగుట ఒక నష్టము. దండోరా మానివేయుట వలన సభ సంగతి ఊరివారికి తెలియకపోవుట అంతకంటె పెద్ద నష్టము. ఈ రెండింటిని తప్పించుకొనుటకు ఆ అంకె దేనిని లెక్కించుచున్నదో సభ్యులు తెలిసికొనవలెను. దీనికి కంప్యూటరు చదువు అవసరము లేదు. సంత రాబడి లెక్క చూడగలవారు దీనిని కూడ చూడగలరు.

హిట్ అనగా నేమి?

వెబ్‌సైటు అనునది సర్వర్ అను ఒక కంప్యూటరులో ఉండును. మనము ఫోనులో సైటు పేరు నొక్కినపుడు, ఫోనులోని బ్రౌజరు ఆ సర్వరును "ఫలానా పేజీ పంపుము" అని అడుగును. సర్వరు పంపును. ఆ పేజీలో చిత్రములుండిన, ఒక్కొక్క చిత్రమును బ్రౌజరు మరల విడివిడిగా అడుగును. అక్షరముల తీరును, రంగులను నిర్ణయించు చిన్న ఫైళ్ళను కూడ అట్లే అడుగును. ఇట్లు అడిగిన ప్రతి పర్యాయము ఒక హిట్.

సంత గేటువద్ద ఒక గుమాస్తాను కూర్చుండబెట్టి, లోనికి వచ్చిన దానినెల్ల లెక్కింపుమన్నామనుకొందము. ఒక రైతు బండి తోలుకొని వచ్చినాడు. గుమాస్తా రైతును ఒకటి, ఎడ్లను రెండు, చక్రములను రెండు, బస్తాలను పది అని వ్రాసికొని, మొత్తము పదునైదు అని చూపినాడు. లెక్కలో అబద్ధము లేదు. కాని సంతకు వచ్చినది ఒక్క రైతు మాత్రమే.

పంచాయతీ సైటు మొదటి పేజీలో ప్రజాప్రతినిధుల ఫోటోలు, ఉత్సవముల ఫోటోలు కలిసి 24 ఉన్నవనుకొనుడు. పేజీ ఒకటి, తీరు తెన్నులకు సంబంధించిన ఫైళ్ళు అయిదు. మొత్తము 30. అనగా ఒక్క మనిషి ఒక్కసారి పేజీ తెరచిన 30 హిట్లు. మరి పది ఫోటోలు చేర్చినచో, ఊరిలో క్రొత్తగా ఒక్కరైనను చూడకపోయినను హిట్లు పెరిగిపోవును. పేజీ మాత్రము బరువెక్కి, సిగ్నలు సరిగా లేని ఇంటిలో తెరుచుకొనక మొరాయించును. ఫోటోలయందు మక్కువ గలవారు ఈ సంగతి గమనింపవలెను.

సర్వరు ఈ హిట్లను ఒక్కొక్క వరుసగా వ్రాసి ఉంచు చిట్టాకు లాగ్ అని పేరు. ప్రతి వరుసలోను సాధారణముగా అడిగిన పరికరము యొక్క ఐ.పి. చిరునామా, తేదీ, వేళ, అడిగిన ఫైలు పేరు, జవాబు సంకేతము ఉండును. 200 అను సంకేతమునకు అడిగినది దొరకినదని అర్థము. 404 అనగా అట్టి పేజీ లేదని అర్థము. ఈ 404 వరుసలను ఎవరును చదువరు గాని, పంచాయతీకి వాటివలన ఎంతో ప్రయోజనము కలదు. ప్రజలు దేనికొరకు వచ్చి ఉత్తచేతులతో మరలిపోయిరో అవి చెప్పును.

పేజీ వ్యూ, సెషన్, యూజరు

ఒక పూర్తి పేజీ ఒకసారి తెరువబడిన అది ఒక పేజీ వ్యూ. ఒక మనిషి వచ్చి నాలుగు పేజీలు తిరిగి చూచి వెళ్ళిన అది ఒక సెషన్, అనగా ఒక రాక. అతడు ఎప్పుడు వెళ్ళినాడో యంత్రమునకు తెలియదు కనుక, 30 నిమిషములు కదలిక లేనిచో ఆ సెషన్ ముగిసినట్లు భావించుట వాడుక. పేజీ తెరచి, మధ్యలో అన్నము తిని, గంట తరువాత మరల చూచినవాడు రెండు సెషన్ల క్రింద లెక్కకు వచ్చును.

ఇక యూజరు. ఈ మాటను విని, మనిషి అని అనుకొనరాదు. తొలిసారి వచ్చిన బ్రౌజరునకు సైటు ఒక గుర్తు చీటీ ఇచ్చును. దానికి కుకీ అని పేరు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటుల్లి దీనిని కల్పించెను. మరల వచ్చినపుడు చీటీ చూపిన పాతవాడు, చీటీ లేనిచో క్రొత్తవాడు. మీ సేవా కేంద్రములో ఒక్క కంప్యూటరుపై దినమునకు ఏబది మంది పని చేయించుకొనినను, చీటీ ఒకటే కనుక యూజరు ఒక్కరే. స్వంత ఫోనులో ఒకసారి, కచేరీ కంప్యూటరులో ఒకసారి చూచిన గుమాస్తా ఒక్కరైనను యూజరులు ఇద్దరు. చీటీలను తుడిచివేసికొనిన వారు వచ్చినప్పుడెల్ల క్రొత్తవారే. మన పల్లెలలో ఒక ఫోను ఇంటిల్లిపాదికి ఉపయోగపడుచుండును. కావున యూజరుల సంఖ్య ఇచ్చట ఒకప్పుడు ఎక్కువగాను, ఒకప్పుడు తక్కువగాను ఉండును. అది పరికరముల లెక్క.

మనుష్యులు కాని సందర్శకులు

వెబ్‌సైటులను తిరిగి చూచువారిలో మనుష్యులు కానివారు చాల ఉన్నారు. వీటిని బాట్ అందురు. గూగుల్ వంటి శోధన సంస్థలు లోకములోని పేజీలను చదివి సూచికలు కట్టుటకు ఇట్టి కార్యక్రమములను పంపుచుండును. 2023 నుండి జీపీటీబాట్ వంటివి కృత్రిమ మేధకు కావలసిన పాఠమును సేకరించుటకు కూడ వచ్చుచున్నవి. సైటులలో లోపములను వెదకు దొంగ బాట్లు వేరుగా ఉన్నవి. 2024లో ఇంటర్నెట్టు రాకపోకలలో యంత్రముల వాటా సగమును మించినదని ఇంపెర్వా అను భద్రతా సంస్థ తన నివేదికలో లెక్క కట్టినది.

ఇప్పుడు పైన చెప్పిన 90,000 హిట్లను వడగట్టి చూతము. ఈ అంకెలు ఉదాహరణ కొరకు కల్పించుకొనినవే గాని ఏ ఊరివియు కావు. వీటిలో 30,000 బాట్లవి. మిగిలినవి 60,000. పేజీకి 30 చొప్పున భాగించిన 2,000 పేజీ వ్యూలు. కచేరీలోని రెండు కంప్యూటరులలో బ్రౌజరు తెరువగానే పంచాయతీ సైటు వచ్చునట్లు అమర్చినారు. దినమునకు ఒక్కొక్క దానిలో 16 సార్లు, 25 పని దినములకు 800. దానిని తీసివేసిన 1,200. వచ్చినవారు సగటున రెండేసి పేజీలు చూచిన 600 సెషన్లు. ఒక్కొక్కరు నెలలో రెండు సార్లు వచ్చిన 300 పరికరములు. తొంబది వేలు మూడు వందలకు దిగినవి. ఈ భాగహారము స్థూలమైనది. ఒకసారి వచ్చిన చిత్రములను బ్రౌజరు దాచుకొని మరల అడుగదు కనుక నిజమైన లెక్క కొంత మారును. అయినను తొంబది వేలకు, మూడు వందలకు నడుమ గల దూరము సభ్యులకు తెలియుటకు ఇది చాలును.

ఆ 1,200 పేజీ వ్యూలను పేజీల వారీగా విడదీసి చూడవలెను. మొదటి పేజీ 600, ఇంటిపన్ను, నీటి వేళలు మొదలగునవి 582, గ్రామసభ నోటీసు 18 అని వచ్చినదనుకొందము. రాజ్యాంగము ప్రకారము గ్రామసభ అనగా ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో ఉన్నవారందరును. ఆ పదునెనిమిది పర్యాయములును పదునెనిమిది మంది వేరువేరు ఓటర్లే చూచినారనుకొనినను, వేలకొలది ఓటర్లు గల ఊరిలో అది ఏ మూలకు? దండోరా మానివేయవచ్చునా అను ప్రశ్నకు జవాబు ఈ వరుసలో ఉన్నది. హిట్ల వరుసలో లేదు.

లెక్కించు సాధనములు

తొలి దినములలో సర్వరు లాగునే కూడి నివేదికలు తయారుచేసెడివారు. తరువాత పేజీలోనే ఒక చిన్న కార్యక్రమమును ఉంచి, అది తెరువబడినపుడు లెక్క చెప్పునట్లు ఏర్పాటు చేసిరి. గూగుల్ సంస్థ 2005లో అర్చిన్ అను సంస్థను కొని, అదే సంవత్సరము గూగుల్ అనలిటిక్స్ అను సాధనమును ఉచితముగా అందరికి ఇచ్చినది. 2007లో పివిక్ అను పేరుతో మొదలై 2018లో మటోమో అని పేరు మార్చుకొనిన మరియొక సాధనము కలదు. దీనిని మన స్వంత సర్వరులోనే ఉంచుకొనవచ్చును.

ఈ పద్ధతిలో చాల బాట్లు వాటంతట అవే వడగట్టబడును. దీనికిని ఒక లోపము కలదు. సిగ్నలు మందముగా ఉండి, పేజీ పూర్తిగా రాకమునుపే విసిగి మూసివేసినవాడు అసలు లెక్కలోనికే రాడు. మనము ఎవరిని గూర్చి ఎక్కువగా ఆలోచింపవలెనో అతడే కనపడకుండ పోవును.

బౌన్సు రేటు అను మాట నివేదికలలో తరచుగా కనిపించును. వచ్చినవారిలో నిలువక మరలిపోయినవారి శాతము అని స్థూలముగా అర్థము. పూర్వపు గూగుల్ సాధనములో ఒక్క పేజీ మాత్రమే చూచి, మరేమియు నొక్కక వెళ్ళిన ప్రతివాడును బౌన్సు క్రింద వచ్చెడివాడు. రేపు కుళాయి నీరు ఎన్ని గంటలకు వచ్చునో చూడవచ్చిన గృహిణి ఆ పేజీని మూడు నిమిషములు చదివి, సంగతి తెలిసికొని మూసివేసిన, ఆమె కూడ బౌన్సే! ఆమె పని మాత్రము చక్కగా నెరవేరినది. ఇప్పటి సాధనములో 10 సెకండ్లకు మించి పేజీపై ఉన్నను, రెండు పేజీలు చూచినను, ముఖ్యమని మనము ముందే గుర్తించిన పని ఒకటి చేసినను అది బౌన్సు కాదు. పాత సాధనము 2023 జులై 1వ తేదీతో లెక్కించుట మానివేసినది. కనుక 2022 నాటి బౌన్సు రేటును, 2024 నాటి దానిని ప్రక్కప్రక్కన పెట్టి "మా సైటు ఎంత బాగుపడినదో చూడుడు" అని ఎవరైన చెప్పిన, కొలపాత్ర మారినదని సభ్యులు గుర్తుచేయవలెను. కుంచము మార్చి గింజలు పెరిగినవనుట వంటిది అది.

ఎచ్చటినుండి వచ్చిరి?

సందర్శకులు ఏ దారిని వచ్చిరో కూడ నివేదిక చెప్పును. శోధన ద్వారా, వేరొక సైటులోని లింకు ద్వారా, ఫేస్‌బుక్ వంటి వాటి ద్వారా, నేరుగా అని విభాగములుండును. "నేరుగా" అను విభాగము పల్లెల విషయమున మోసపుచ్చును. వాట్సప్‌లో వచ్చిన లింకును నొక్కి వచ్చినవారు ఎచ్చటినుండి వచ్చిరో సాధారణముగా తెలియదు కనుక వారిని కూడ అందులోనే వేయుదురు. దీనికి ఉపాయము సులభము. లింకు చివర యు.టి.ఎం. అను గుర్తును చేర్చవచ్చును. ఆ పేరు అర్చిన్ నాటినుండి వచ్చినదే. వార్డు వాట్సప్ గుంపునకు ఒక గుర్తు, రచ్చబండ వద్ద అంటించు క్యూ.ఆర్. కాగితమునకు మరొక గుర్తు ఇచ్చిన, ఏది పనిచేయుచున్నదో నెల తిరుగునప్పటికి తెలియును.

ఊళ్ళ పేర్లను చూపు పట్టికను నమ్ముట కష్టము. మొబైల్ కంపెనీల ఐ.పి. చిరునామాలను బట్టి ఊరిని ఊహింతురు కనుక, మన ఊరి చెట్టుక్రింద కూర్చుండి చూచినవాడు హైదరాబాదులోనో, చెన్నైలోనో ఉన్నట్లు చూపబడవచ్చును. "మన సైటును పట్టణమువారే చూచుచున్నారు, ఊరివారికి అక్కరలేదు" అని దీనిని బట్టి తీర్మానింపరాదు. దేశముల లెక్క దీనికంటె నయము. అమెరికాలోనో, గల్ఫు దేశములలోనో ఉన్న మన ఊరి బిడ్డలు పండుగ వేళ సైటు చూచిన అది కొంతవరకు తెలియును.

వచ్చిన పని నెరవేరినదా?

2015 మార్చిలో అమెరికా ప్రభుత్వము తన శాఖల వెబ్‌సైటుల లెక్కలను అనలిటిక్స్.యు.ఎస్.ఎ.గవ్ అను పేరుతో ప్రజలందరు చూచునట్లు బహిరంగపరచినది. ఈ క్షణమున ఎంతమంది చూచుచున్నారు, ఏ పేజీలు ఎక్కువగా చూచుచున్నారు అను సంగతులు అందు కలవు. వాతావరణ సూచన, పన్ను వాపసు ఎంతవరకు వచ్చినది, తపాలా పార్సెలు ఎచ్చట ఉన్నది అనువాటి కొరకు జనులు ఎక్కువగా వచ్చుచున్నట్లు అందు కనిపించినది. ప్రసంగముల కొరకు, ప్రారంభోత్సవ చిత్రముల కొరకు వచ్చువారు అరుదు. ప్రచార శాఖలో పనిచేయువానికి ఈ సత్యము కొంత చేదుగానే ఉండును. అయినను ఒప్పుకొనక తప్పదు. మనిషి తన పని మీద వచ్చును.

కనుక పంచాయతీ అడుగవలసిన లెక్క పనుల లెక్క. ఇంటిపన్ను చెల్లింపును తీసికొందము. పన్ను పేజీని తెరచినవారు 100, ఇంటి అసెస్‌మెంటు నంబరు వ్రాసినవారు 60, సొమ్ము చెల్లించి రసీదు పొందినవారు 12 అనుకొనుడు. నంబరు వ్రాసి కూడ 48 మంది వెనుదిరిగినారు. పన్ను కట్టుటకు ఇష్టము లేనివారైన అంతదూరము రారు గదా! ఓ.టి.పి. పాత ఫోను నంబరునకు పోవుచున్నదా? పేరు ఆంగ్లములో మాత్రమే అడుగుచున్నదా? చనిపోయిన తండ్రి పేరున ఇల్లు ఉండి, కుమారుని ఫోను ఒప్పుకొనకున్నదా? లెక్క ఈ జవాబు చెప్పదు. ఏ మెట్టువద్ద జనులు జారుచున్నారో మాత్రము చూపును. ఆ మెట్టువద్ద ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు సభ్యుడు తన వార్డులో ఇద్దరు ముగ్గురిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారి ఫోనులోనే చెల్లింపు చేయించి చూడవలెను. ఒక పూట పని. లోపము సరిదిద్దినచో మార్చి నెలలో బిల్ కలెక్టరు గడపగడపకు తిరుగు శ్రమ కొంత తగ్గును, పంచాయతీకి రాబడి వేళకు చేరును.

సైటులోపలనే వెదకుటకు పెట్టె ఉన్నయెడల, అందు జనులు ఏ మాటలు వ్రాయుచున్నారో చూడవలెను. మనము "ఆసరా లేని వృద్ధుల సామాజిక భద్రతా పథకము" అని శీర్షిక పెట్టి ఉందుము. ఊరివారు "పింఛను" అని వెదకి, దొరకక పోవుదురు. శీర్షిక మార్చుటకు ఖర్చు లేదు.

ఒక నెలను మరుసటి నెలతో పోల్చుట కంటె, నిరుడు అదే నెలతో పోల్చుట మేలు. మార్చిలో పన్నుల రద్దీ, ఆగష్టు, అక్టోబరు మాసములలో గ్రామసభల రద్దీ ఎట్లును ఉండును.

ఇరుగుపొరుగు రహస్యములు

చిన్న ఊరిలో అంకెలు కూడ మనుష్యులను పట్టించును. నగరములో ముగ్గురు ఒక పేజీ చూచిరన్న ఎవరికిని తెలియదు. మన ఊరిలో ఒక వారములో వితంతు పింఛను పేజీని ఒక్క పరికరమే అర్ధరాత్రి వేళ పలుమార్లు చూచినదన్న, ఎవరై ఉందురో ఊహించుట కష్టము కాదు. ఫిర్యాదు పేజీని తెరచినది ఎవరు అని ఆరా తీయుట కంటె ఆ పేజీని మూసివేయుటయే నయము, ఎందుకనగా ఇక ఎవరును దానిని తెరువరు. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో ఒక చట్టము చేసినది. లెక్కల సాధనములో ఐ.పి. చిరునామా చివరి భాగములను చెరిపివేయు ఏర్పాటు ఉండును. దానిని వాడుమని కాంట్రాక్టరుకు వ్రాతపూర్వకముగా చెప్పవలెను. సమావేశమునకు వచ్చు నివేదికలో మొత్తములు మాత్రమే ఉండిన చాలును.

చివరకు, ఈ లెక్కల ఖాతా ఎవరి పేరున ఉన్నదో నేడే విచారింపవలెను. కాంట్రాక్టరు తన స్వంత ఈ-మెయిలుపై ఖాతా తెరచియుండిన, అతడు మారినపుడు ఏండ్ల లెక్కలు అతనితోనే పోవును. ఖాతా పంచాయతీ పేరున ఉండి, కార్యదర్శికి ప్రవేశము ఉండవలెను. సాధనములు కూడ శాశ్వతములు కావు. పాత గూగుల్ అనలిటిక్స్‌లో చేరియున్న లెక్కలు 2024 జులై నుండి చూచుటకు కూడ వీలులేకుండ పోయినవి. ముందుగా దింపుకొనినవారికి మాత్రమే అవి మిగిలినవి. క్రొత్త సాధనములో వివరమైన సమాచారము, మనము గడువు మార్చనియెడల, రెండు నెలలు మాత్రమే నిలువ ఉండును. ఆ గడువును 14 నెలలకు పెంచుకొనవచ్చును. కావున నెలకొకసారి పేజీల వారీ పట్టికను, పన్ను చెల్లింపు మెట్ల పట్టికను అచ్చుతీసి, తేదీ వేసి, సైటులో ఆ నెల చేసిన మార్పులను అదే కాగితముపై వ్రాసి, కార్యదర్శి సంతకముతో ఫైలు చేయించవలెను.